లడ్డూ వయసు ఎంతుంటుంది?

ప్రశ్న: నమస్కారం సార్. మాది గుంటూరు. మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ వాళ్ళు పుణెకి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోతూ వాళ్ళ గినీ పిగ్‌ని మాకిచ్చారు. పేరు లడ్డూ, మగది. "చిన్నదేనండీ, ఏడు నెలలు" అన్నారు. గోళ్ళు బాగా పెరిగి పక్కకి వంకర తిరిగాయని పెట్ షాపుకి తీసుకెళ్తే, అక్కడతను చూసి "రెండేళ్ళు ఎప్పుడో దాటింది మేడమ్" అన్నాడు. మా దగ్గరున్న డాక్టర్ గారు ఎక్కువగా కుక్కల్నే చూస్తారు. ఆయన "చెప్పలేనమ్మా" అనేశారు. మా మామయ్యగారు వ్యవసాయం చేసిన మనిషి. నోరు తెరిచి పళ్ళు చూస్తే తెలిసిపోతుంది కదా అంటారు. వచ్చిన రోజు వంటింటి కాటా మీద 930 గ్రాములు ఉంది, నెలన్నర అయ్యాక ఇప్పుడు 940. చెవి అంచు ఒకచోట చినిగి ఉంది. ముందు పాదాల కింద గట్టిగా చిన్న ముల్లు లాంటిది వచ్చింది. తిండి బాగానే తింటుంది. ఫొటోలు పంపుతున్నాను. ఐదో క్లాసు చదివే మా అమ్మాయి దీని పుట్టినరోజు ఎప్పుడు, ఇంకా ఎన్నేళ్ళు ఉంటుంది అని రోజూ అడుగుతోంది. ఒంటరిగా ఉంది కాబట్టి ఇంకోదాన్ని తెమ్మని కూడా పేచీ. వయసు తెలియకుండా తేవచ్చా?

సమాధానం: అమ్మా, మీ లడ్డూకి ఏడు నెలలే అంటే నేను నమ్మను. ఏడాది దాటి ఉంటుంది. ఐదేళ్ళు నిండిన ముసలిదిలా కూడా ఫొటోల్లో కనిపించడం లేదు. ఒకటిన్నర నుంచి నాలుగేళ్ళ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇది చాలా పెద్ద తేడా అని నాకూ తెలుసు. కానీ ఎదిగిపోయిన గినీ పిగ్‌ని చేతిలో పెట్టుకుని చూసి "రెండేళ్ళ మూడు నెలలు" అని ఎవరైనా చెప్తే అది ఊహే. మీ డాక్టర్ గారు చెప్పలేనన్నారు చూడండి, ముగ్గురిలో సరైన మాట ఆయనదే.

మామయ్యగారి సంగతి ముందు తేల్చేద్దాం. ఆయన మాట పశువుల విషయంలో నూటికి నూరుపాళ్ళు నిజం. మన పల్నాడులో, ప్రకాశంలో బండలాగుడు పోటీలకి ఎడ్ల జతల్ని రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేసేదే అలా. పశువుకి పాలపళ్ళు ఊడి, వాటి చోట పెద్ద పళ్ళు ఒక్కో జతగా ఒక్కో వయసులో వస్తాయి కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. గినీ పిగ్‌కి పాలపళ్ళు తల్లి కడుపులో ఉండగానే ఊడిపోతాయి. పుట్టేటప్పటికే అసలు పళ్ళు వచ్చేసి ఉంటాయి. ఆ ఇరవై పళ్ళూ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలేకొద్దీ అరుగుతూనే ఉంటాయి. అందుకని నెల పిల్లకీ నాలుగేళ్ళ దానికీ పళ్ళు చూసి తేడా పట్టలేం. పైగా దాని నోరు చాలా ఇరుకు. లోపలి దవడ పళ్ళు చూడాలంటే డాక్టర్‌కే ప్రత్యేకమైన పరికరం కావాలి. ఇంట్లో బలవంతంగా నోరు తెరిచే ప్రయత్నం చెయ్యకండి, అది బెదిరిపోతుంది.

మరి దేన్ని బట్టి చెప్పాలి? మొదటి ఆరేడు నెలల వరకు బరువు చాలావరకు నిజం చెప్తుంది. ఇవి పుట్టేటప్పుడు సుమారు 70 నుంచి 100 గ్రాములుంటాయి. ఒంటి నిండా జుట్టుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. ఒకటి రెండు రోజుల్లోనే గడ్డి కొరకడం మొదలుపెడతాయి. మొదటి రెండు నెలల్లో వారానికి 30 నుంచి 50 గ్రాములు పెరుగుతాయి. మూడు నాలుగు వారాలకి పావు కిలో, రెండు మూడు నెలలకి అర కిలోకి అటూ ఇటూ అవుతాయి. ఆరు నెలలు దాటాక వేగం తగ్గుతుంది. ఏడాది, ఏడాదిన్నర మధ్యలో ఎదుగుదల ఆగిపోతుంది. పూర్తిగా ఎదిగిన మగది 900 నుంచి 1200 గ్రాములు, ఆడది 700 నుంచి 900 గ్రాములు ఉండటం మామూలు.

ఇప్పుడు మీ 940 చూద్దాం. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. మంచి తిండి తిన్న మగపిల్ల ఏడెనిమిది నెలలకే అంత బరువు తూగొచ్చు. ఏడాదిలో కిలో దాటినది నాలుగేళ్ళకి చిక్కి మళ్ళీ 940కి రావచ్చు. మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాట వేరే ఉంది: నెలన్నరలో పది గ్రాములే పెరిగింది. కడుపు నిండా తిన్నాక తూచడానికీ అంతకుముందు తూచడానికీ మధ్యే ఇరవై ముప్ఫై గ్రాముల తేడా వస్తుంది కాబట్టి పది గ్రాములంటే పెరగలేదనే అర్థం. ఏడు నెలల పిల్లయితే ఆరు వారాల్లో కనీసం యాభై అరవై గ్రాములైనా వచ్చి ఉండాలి. ఇల్లు మారిన బెదురులో మొదటి వారం తిండి తగ్గించి ఉండొచ్చు, ఆ అనుమానం ఒకటి మిగిలింది. అందుకని ఇంకో ఆరు వారాలు తూచండి. వారానికోసారి, ఒకే రోజు, ఒకే టైముకి, పొద్దున్న ఆకుకూర పెట్టకముందు. ప్లాస్టిక్ డబ్బా కాటా మీద పెట్టి సున్నా చేసి, అందులో కూర్చోబెడితే కదలకుండా ఉంటుంది. అంకె క్యాలెండర్‌లో రాయడం మీ అమ్మాయికి అప్పజెప్పండి. ఇంచుమించు అదే అంకె చుట్టూ తిరుగుతుంటే ఎదగడం అయిపోయినట్టు. వారం వారం ఎక్కుతుంటే నా అంచనా తప్పు, పై ఫ్లోర్ వాళ్ళ మాటే నిజం. దిగుతుంటే మాత్రం వయసు లెక్క పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. దీని బరువుకి తొంభై గ్రాములు తగ్గడం అంటే పదో వంతు పోయినట్టు. అంతవరకు ఆగనే ఆగకండి.

పై ఫ్లోర్ వాళ్ళు అబద్ధం చెప్పారని కూడా నేననను. మన దగ్గర ఎవర్నడిగినా జంతువు తమ ఇంటికొచ్చి ఎన్నాళ్ళయిందో దాన్నే వయసుగా చెప్తారు. వాళ్ళు కొని ఏడు నెలలై ఉండొచ్చు. లేదా వాళ్ళకీ ఇంకెవరో ఇచ్చి ఉండొచ్చు. లడ్డూ ఒళ్ళంతా వెతకడం కన్నా వాళ్ళకి ఒక ఫోన్ చేస్తే ఎక్కువ తెలుస్తుంది. "వయసెంత" అని మళ్ళీ అడగొద్దు, ఏడు నెలలనే అంటారు. "ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు, ఫోన్‌పేలో కట్టారా" అని అడగండి. ఫోన్‌పేలో కట్టి ఉంటే తారీఖుతో సహా దొరుకుతుంది. లడ్డూ వచ్చిన కొత్తలో తీసిన ఫొటోలు వాట్సాప్‌లో పంపమనండి. వాటి అసలు తారీఖులు వాళ్ళ ఫోన్ గ్యాలరీలో ఉంటాయి. షాపుల్లో సాధారణంగా నెలా రెండు నెలల పిల్లల్ని అమ్ముతారు. మొదటి ఫొటోలో గుప్పెట్లో పట్టేంత ఉంటే ఆ తారీఖుకి నెలన్నర వెనక్కి లెక్కేసుకోండి, పుట్టిన నెల తేలిపోతుంది. అప్పుడే ఇప్పుడున్నంత సైజులో ఉంటే వాళ్ళు కొన్నదే పెద్దదాన్ని అని అర్థం. పక్కన స్టీలు గ్లాసో, పిల్లల చెయ్యో ఉన్న ఫొటో అయితే సైజు ఇంకా బాగా తెలుస్తుంది.

షాపతను గోళ్ళు చూసే రెండేళ్ళని ఉంటాడు. వయసు పెరిగేకొద్దీ గోళ్ళు మందంగా, గరుగ్గా అవుతాయి, వంకర తిరుగుతాయి, అది నిజమే. కానీ ఆరు నెలలు ఎవరూ కత్తిరించకపోతే, మెత్తటి గుడ్డ మీదే తిరుగుతుంటే, చిన్నదానికి కూడా అలాగే తిరుగుతాయి. పుణె వెళ్ళే హడావుడిలో ఉన్న ఇంట్లో గోళ్ళు ఎవరికి గుర్తుంటాయి? కాబట్టి గోళ్ళని బట్టి నేను ఏమీ అనుకోను. మీరు మాత్రం రెండు మూడు వారాలకోసారి చివర్లు కొంచెం కొంచెం తియ్యండి. తెల్లగోళ్ళలో లోపల గులాబీ రంగులో రక్తనాళం కనిపిస్తుంది, దానికి తగలకుండా ఆపెయ్యాలి. నల్లగోళ్ళయితే వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి.

పాదాల కింద ముల్లు లాంటిది అన్నారే, అది జబ్బు కాదు. ముందు పాదాల మీద చర్మం గట్టిపడి అలా పొడుచుకొస్తుంది. ఎదిగినవాటిలో, కాస్త బరువున్నవాటిలో ఎక్కువగా చూస్తాం. పసిపిల్లల్లో దాదాపు కనపడదు. ఏడాది దాటి ఉంటుందని నేననడానికి బరువు తర్వాత ఇది రెండో కారణం. చెవి చిరుగు సంగతికొస్తే, పిల్లల చెవులు పూరేకులంత నున్నగా ఉంటాయి, పెద్దయ్యేకొద్దీ అంచులు గరుకెక్కి అక్కడక్కడా చిరుగుతాయి. అయితే ఇంకో మగదానితో ఒక్కసారి పోట్లాడినా చెవి చిరుగుతుంది. లడ్డూ గతం మనకి తెలియదు కాబట్టి దాన్ని నేను పెద్దగా పట్టించుకోను.

ముసలిది కాదని ఎలా అన్నానంటే, ఫొటోల్లో రెండు కళ్ళూ తేటగా ఉన్నాయి, వీపు గుండ్రంగా కండపట్టి ఉంది. నాలుగైదేళ్ళు దాటినవాటిలో చాలావాటికి వెన్నెముక, తుంటి ఎముకలు చేతికి తగలడం మొదలవుతుంది. జుట్టు పలచబడుతుంది. కీళ్ళు పట్టేసి నడక మందగిస్తుంది. కంట్లో పాలపొర లాంటి శుక్లం కనిపించొచ్చు. మగవాటిలో ఇంకోటుంది, చెప్పడానికి బాగుండదు గానీ అవసరం. మలద్వారం దగ్గర కండరాలు వదులై, అక్కడి సంచిలో మెత్తటి పెంటికలు ముద్దగా పేరుకుపోతాయి. దాన్ని రోజూ చేత్తో శుభ్రం చెయ్యాల్సి వస్తుంది. అది మొదలైతే వయసు మళ్ళిందని చాలావరకు నమ్మొచ్చు. మీ లడ్డూకి అలాంటిది ఉందేమో ఒకసారి చూడండి. తోక ఉండాల్సిన చోట జిడ్డుగా ఉంటే కంగారు పడకండి. ఎదిగిన మగవాటికి అక్కడ ఒక గ్రంథి పనిచేస్తుంటుంది, అంతే.

ఈ గుర్తులన్నిటినీ తారుమారు చేసేది ఒకటుంది. దాని కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. గినీ పిగ్ మనిషిలాగే విటమిన్ సి ఒంట్లో తయారు చేసుకోలేదు, రోజూ తిండిలో అందాల్సిందే. కుందేలు తయారు చేసుకుంటుంది. మన షాపుల్లో లూజుగా అమ్మే కుందేళ్ళ దాణాలో విటమిన్ సి కలపరు, అదే గినీ పిగ్‌కీ ఇచ్చేస్తుంటారు. కొన్ని వారాలు అదే తింటే కీళ్ళు నొప్పెట్టి కదలదు, జుట్టు గరుకెక్కుతుంది, చిక్కిపోతుంది, చిగుళ్ళు వాస్తాయి. ఏడాది పిల్ల ఐదేళ్ళ ముసలిదానిలా కనిపిస్తుంది. "ముసలిదైపోయింది, ఇంకేం చేస్తాం" అని ఊరుకుంటే నిజంగానే పోతుంది. వయసు మీద పడిందని అనుకునేముందు తిండి ఏమిటని అడగడం నాకు అలవాటు. లడ్డూ బరువుకి రోజుకి సుమారు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. ఒక పెద్ద క్యాప్సికమ్ ముక్క, గుప్పెడు కొత్తిమీర రోజూ పెడితే సరిపోతుంది. జామకాయలో ఇంకా ఎక్కువుంటుంది గానీ తీపి కాబట్టి వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు. నీళ్ళలో కలిపే చుక్కల మీద డబ్బు పెట్టకండి, నీళ్ళలో ఆ విటమిన్ కొన్ని గంటల్లోనే పాడైపోతుంది.

ఎక్స్‌రే తీయిస్తే తెలుస్తుందా అని కొందరు అడుగుతారు. ఎముకల చివర్లు మూసుకున్నాయా లేదా అన్నది కనిపిస్తుంది. అంటే ఎదుగుతోందా, ఎదిగిపోయిందా అన్నంతవరకే. ఆ మాట మీ కాటా ఉచితంగా చెప్తుంది. మూత్రంలో రక్తం కనిపించి రాళ్ళని అనుమానం వస్తే ఎక్స్‌రే తీయించండి, వయసు కోసం వద్దు.

కచ్చితమైన వయసు లేకపోయినా మీ పని ఆగదు. రోజువారీ పెంపకానికి మూడు దశలు తెలిస్తే చాలు: ఎదిగేది, ఎదిగినది, మళ్ళినది. ఎదిగే పిల్లలకి లూసర్న్ గడ్డి మంచిది, దానిలో కాల్షియం ఎక్కువ. ఆరు నెలలు దాటాక అదే రోజూ పెడితే మూత్రంలో రాళ్ళు కట్టే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి లడ్డూకి లూసర్న్ ఆపేసి, తిమోతి లాంటి మామూలు ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. మందు కొట్టని చోట దొరికితే పచ్చి గరిక కూడా పెట్టొచ్చు, ఇష్టంగా తింటుంది. ఎండాకాలం మాత్రం ఏ వయసుదానికైనా గండమే. వీటి పూర్వీకులది చల్లటి ఆండీస్ కొండ ప్రాంతం. గది 27 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడతాయి, మన గుంటూరు మే నెల సంగతి చెప్పాలా? బాల్కనీలో ఉంచకండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో నేల మీద పెట్టండి. బరువు తగ్గడం, ఎముకలు తగలడం కనిపించిన రోజు నుంచి లడ్డూ మూడో దశలో ఉందనుకుని ఆరు నెలలకోసారి డాక్టర్‌కి చూపించండి.

డాక్టర్ అంటే గుర్తొచ్చింది. కుక్కలకి మామూలుగా రాసే అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ రకం మందులు గినీ పిగ్‌కి నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం మీదకి వస్తుంది. మీ డాక్టర్ గారికి ఇవి అలవాటు లేవన్నారు కాబట్టి యాంటీబయాటిక్ రాసినప్పుడు "ఇది గినీ పిగ్‌కి పడుతుందా సార్" అని ఒక్క మాట అడగండి. తెలియదని ఒప్పుకున్న మనిషి ఆయన, ఏమీ అనుకోరు.

ఇక మీ అమ్మాయి ప్రశ్నలు. ఇంకా ఎన్నేళ్ళు ఉంటుందన్నదానికి నిజమే చెప్పండి. ఇవి మామూలుగా ఐదు నుంచి ఏడేళ్ళు బతుకుతాయి, బాగా చూసుకుంటే ఎనిమిది దాకా వెళ్ళేవీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో స్నోబాల్ అనే గినీ పిగ్ 14 ఏళ్ళ పదిన్నర నెలలు బతికి 1979లో పోయిందని గిన్నిస్ రికార్డుంది. ఆ సంగతి చెప్తే మీ అమ్మాయి సంబరపడుతుంది గానీ అదే లెక్కన లడ్డూ మీద ఆశలు పెట్టుకోనివ్వకండి. "ఒకటో రెండో ఏళ్ళు ఉండొచ్చు, నాలుగైదు కూడా ఉండొచ్చు" అంటే ఐదో క్లాసు పిల్లకి అర్థమవుతుంది. పుట్టినరోజుకి మీ ఇంటికొచ్చిన తారీఖు పెట్టుకోండి. ఫొటోల్లో అసలు నెల దొరికితే అప్పుడు మార్చుకోవచ్చు. కేకు మాత్రం మీరు తినండి.

రెండోదాన్ని తెచ్చే విషయంలో పేచీ పెడుతున్న పిల్లదే న్యాయం. ఇవి గుంపుగా బతికే జీవాలు. స్విట్జర్లాండ్‌లో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదు కూడా. వయసు తెలియకపోవడం దీనికి అడ్డు కాదు. రెండు మూడు నెలల మగపిల్ల అయితే ఎదిగిన మగదానితో చాలావరకు సర్దుకుంటుంది. అదే వయసున్న రెండు పెద్ద మగవాటిని కలపడం కష్టం. కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, తుమ్ములు, దురద, పురుగులు లేవని చూసుకున్నాక, ఇద్దరికీ కొత్తయిన చోట కలపండి. ఒకే పంజరంలో ఇరుకున పెట్టొద్దు. దాక్కోవడానికి రెండు డబ్బాలు, రెండు నీళ్ళ సీసాలు, రెండు చోట్ల గడ్డి ఉండాలి. గుర్రుమంటూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మామూలే. రక్తం వస్తేనే విడదియ్యండి.

ఆడదాన్ని తేవద్దు. గర్భం 59 నుంచి 72 రోజులే, ఈతకి రెండు నుంచి నాలుగు పిల్లలు. ఆ పిల్లల్లో మగవి మూడు వారాలకే తల్లిని కూడా కట్టించగలవు. ఏడాది తర్వాత ఇంట్లో ఎన్నుంటాయో మీరే లెక్కేసుకోండి. షాపులో "మగదే" అని ఇచ్చినా నమ్మి నేరుగా కలపకండి, ఆడా మగా గుర్తించడంలో అక్కడ పొరపాట్లు చాలా జరుగుతాయి. వేరే గదిలో ఉంచిన ఆ రెండు మూడు వారాల్లోనే ఒకసారి మీ డాక్టర్ గారి చేత చూపించండి. వయసు చెప్పలేకపోయినా ఆ సంగతి ఆయన చిటికెలో చెప్తారు.